బల్ల చివర కూర్చున్నాయన

"కిమ్ ఇవాన్!"

కుల్యాష్ అక్కది పెద్ద గొంతు. ఆ పిలుపు పాత కాయితాల ఆఫీసు నడవాలో ఈ చివర నుంచి ఆ చివరకి పోయి, గోడకి తగిలి తిరిగొచ్చింది. రెండు వైపులా గోడవారగా వేసిన బల్లల మీంచి పదముగ్గురు లేచి నిలబడ్డారు. అందులో ఇద్దరు బతికున్నవాళ్ళు.

"బతికున్నవాళ్ళు కూర్చోండి నాయనా," అంది కుల్యాష్ అక్క కళ్ళజోడు పైనుంచి చూస్తూ. "మీ పని పక్క కిటికీలో. ఇది పోయినవాళ్ళ వరస."

ఇద్దరూ నాలిక్కరుచుకుని కూర్చున్నారు. మిగిలింది పదకొండుమంది. అందరూ కిమ్‌లే, అందరూ ఇవాన్‌లే. ఒకాయన దూదికోటులో ఉన్నాడు. ఒకాయన వరిమడిలోంచి అప్పుడే గట్టెక్కినట్టు మోకాళ్ళదాకా బురదతో ఉన్నాడు. ఒకాయన పెళ్ళికొడుకులా తెల్లచొక్కా తొడుక్కుని, ఎవరో తనని ఫొటో తీస్తున్నట్టు నిటారుగా నిలబడ్డాడు. నడవా మధ్యలో ముక్కాలిపీట మీద కూర్చున్న వెనెరా, గౌను ఒళ్ళో సర్దుకుని, ఊపిరి బిగబట్టి ఒక్కొక్క మొహమే చూసుకుంటూ పోయింది.

అక్కడి పద్ధతి అందరికీ తెలిసిందే. పెట్టెలోంచి కాయితం తీస్తే అందులో ఉన్నవాళ్ళు వచ్చి బల్ల మీద కూర్చుంటారు. పేరు పెట్టి పిలిచేదాకా వాళ్ళకి మన మాట వినపడదు. పిలిస్తే లేస్తారు. పీట మీద కూర్చున్నది తమ రక్తమైతే దగ్గరకొచ్చి టోపీ తీసి ఒళ్ళో పెడతారు. కాకపోతే తల అడ్డంగా ఊపి కూర్చుంటారు. నోరు మాత్రం విప్పరు. నేల తుడిచే ముసలామె తడిగుడ్డ కర్ర పట్టుకుని "కాళ్ళు, కాళ్ళు" అంటూ వస్తే బతికున్నవాళ్ళు ఎత్తుతారు, పోయినవాళ్ళని ఆమె కర్రతో మెల్లిగా తట్టి ఎత్తిస్తుంది. బల్లలు చాలడం లేదని కుల్యాష్ అక్క పైవాళ్ళకి రెండుసార్లు రాసింది. వచ్చే ఏడు చూద్దామన్నారు.

ఇవాన్‌లు ఒక్కొక్కరే తల ఊపి కూర్చుంటూ వచ్చారు. తొమ్మిదో ఇవాన్ మాత్రం కూర్చోలేదు. వెనెరా వైపు రెండడుగులు వేశాడు. టోపీ మీద చెయ్యి పెట్టాడు. అంతలో ఆయన ఎందుకొచ్చాడో మరిచిపోయిన మనిషిలా ఆగి, బల్ల చివర గోడమూల కూర్చున్న ఇంకొకాయన వైపు తిరిగి చూసి, టోపీ మీంచి చెయ్యి తీసేసి వెనక్కి పోయి కూర్చున్నాడు.

"ఇదేంటక్కా?" అంది వెనెరా.

"ఏమోనే పిల్లా. ఇరవై రెండేళ్ళుగా ఈ కుర్చీలో ఉన్నాను, ఇట్టా సగం దూరం వచ్చి పోయినవాణ్ణి చూళ్ళేదు. అయితే నీ ముత్తాత, కాకపోతే కాదు. సగం ముత్తాత అని ఎక్కడన్నా ఉంటాడా?"

పెట్టె మూసి, పాలటీ తెచ్చుకోవడానికి కుల్యాష్ అక్క లోపలికి పోయింది. వెనెరా పీట మీదే కూర్చుండిపోయింది. ఆరు రోజులుగా ఇదే వరస. మొదటి రోజు కొంచెం అయోమయం ఉండేది. ఇప్పుడు ఆ అయోమయమే ఆమెకి ఊరైపోయింది.

*

ఉష్తోబే ఊరి బజార్లో వెనెరాది పచ్చళ్ళ బల్ల. క్యారెట్ తురుము పచ్చడి, క్యాబేజీ పచ్చడి, వంకాయ పచ్చడి గిన్నెల్లో గోపురాలుగా పోసి అమ్ముతుంది. ఎన్నిసార్లు సబ్బు పెట్టి కడిగినా ఆమె వేళ్ళని వెల్లుల్లి, ధనియాల వాసన వదలదు. ఆ వాసన పట్టుకునే బజారంతా తిరిగి నీ దగ్గర తేలాను అంటాడు అపోలోన్. ఆ మాట అన్న రోజున పోప్లార్ చెట్ల దూది గాల్లో తేలుతోంది. అతని కనురెప్ప మీద ఒక పోగు వాలింది. అది తీసెయ్యాలా వద్దా అని వెనెరా ఎంతసేపు ఆలోచించిందంటే, కొనడానికొచ్చిన ముగ్గురు వెళ్ళిపోయారు.

అపోలోన్ ఉల్లిపాయల ముఠా మనిషి. ఏటా ఏప్రిల్ మధ్యలో మనవాళ్ళు ముఠాలు కట్టి, లారీలెక్కి, ఎక్కడో దూరపు పొలాలు కౌలుకి పట్టి ఉల్లీ పుచ్చా పండించుకుని మంచు పడేవేళకి ఇళ్ళు చేరతారు. ఈసారి ముఠా డాన్ నది అవతలికి పోతోంది, మూడేళ్ళ కౌలు. పెళ్ళయిన జంటలకి గుడిసె ఇస్తారు. పెళ్ళికాని పిల్ల వెంట పోవడానికి లేదు. మూడేళ్ళంటే పచ్చళ్ళ బల్ల ముందు ఎన్ని సాయంత్రాలో వెనెరా లెక్కపెట్టబోయి భయపడి మానేసింది.

అడ్డొచ్చింది ఇంటిపేరు. అతనూ కిమ్, ఆమె కూడా కిమ్.

మనలో కిమ్‌లకేం కరువు? బజార్లో నిలబడి "కిమ్!" అని కేకేస్తే సగం బజారు తిరిగి చూస్తుంది. మిగతా సగం త్సోయ్‌లూ పాక్‌లూ గనక చూడదు. ఇంటిపేరు ఒకటైనంత మాత్రాన పెళ్ళి ఆగదు. మూలవూరు వేరైతే చాలు. కియోంజు ఊరి కిమ్ పిల్లని కిమ్హె ఊరి కిమ్ కుర్రాడు నిక్షేపంగా చేసుకోవచ్చు. రెండూ ఒకటైతే మాత్రం వెయ్యేళ్ళ దూరమైనా అన్నాచెల్లెళ్ళే.

అపోలోన్ తాత గెరాసిమ్‌కి డెబ్బై ఎనిమిదేళ్ళు. పందొమ్మిదివందల ముప్ఫై ఏడులో సర్కారు మనవాళ్ళందర్నీ సముద్రపు ఒడ్డు నుంచి రైళ్ళెక్కించి ఈ గడ్డిమైదానంలో దింపినప్పుడు, జనం కుండలూ విత్తనాలూ తెచ్చుకుంటే ఆయన బొంతలో కుట్టుకుని వంశం పుస్తకం తెచ్చాడు. ఆ పుస్తకం ప్రకారం ఆయన కిమ్హె కిమ్, ఇరవై మూడో తరం.

"నాకు నువ్వంటే ఇష్టమే తల్లీ," అన్నాడు ఆయన, వెనెరా పెట్టిన క్యారెట్ పచ్చడి రెండోసారి వడ్డించుకుంటూ. "నీ చేతి పచ్చడంటే ఇంకా ఇష్టం. కానీ మీ మూలవూరేది?"

"తెలీదు తాతా. మా తాత తొమ్మిదేళ్ళప్పుడు రైలెక్కాడంట. ఆయనకెవరూ చెప్పలేదంట."

"మూలవూరు తెలియని కిమ్‌ని కిమ్హె కిమ్ అనే అనుకోవాలి. ఎక్కువమంది వాళ్ళే గనక."

"అనుకోవడమేంటి తాతా?" అని అపోలోన్ లేచాడు. "అనుకుని పెళ్ళి ఆపేస్తావా?"

"అనుకునే ఆపుతాను. అనుకోకుండా చేస్తే పుట్టబోయేవాళ్ళకి ఎవడు జవాబు చెప్తాడు, నువ్వా? అమ్మాయ్, మీ ముత్తాతని వెతుకు. ఆయన్ని ఊరడుగు. కాదని తల ఊపితే, ఉడికించిన పుంజు ముక్కున ఎర్ర మిరపకాయ నా చేత్తో నేనే పెట్టి పెళ్ళిబల్ల సర్దుతాను. గడువు హన్సిక్ పండగ. సమాధుల మీద గడ్డి కోసే రోజుకి తేలకపోతే, పిల్లాడు ముఠాతో పోతాడు."

హన్సిక్ ఏప్రిల్ అయిదున. అప్పటికి పదిరోజులుంది.

*

వెనెరా ఉండేది నాయనమ్మ అగాఫ్యాతో. వాళ్ళ గేటు మీద రెండు పేర్లు: కిమ్, త్సోయ్. మన ఆడవాళ్ళు పెళ్ళయినా పుట్టింటి పేరు వదులుకోరు గనక మామ్మ త్సోయ్‌గానే ఉండిపోయింది. తాత కోల్యా, కాయితాల్లో నికొలాయ్, పోయి ఎనిమిదేళ్ళు. నాన్న వెనెరా నాలుగో ఏట కాలువలో పడి పోయాడు. అమ్మ తర్వాత తాష్కెంట్‌లో ఇంకో ఇల్లు కట్టుకుంది. ఒక్కగానొక్క కొడుకుని కాలువలోంచి తీసి తెచ్చిన రోజు మామ్మ ఏడవలేదంటారు. "నాకు తెలుసు," అందంట. ఏం తెలుసో ఎవరూ అడగలేదు. దుఃఖంలో మనుషులు ఏదో అంటారు కదా.

ఆఫీసుకి వెళ్ళిన మొదటిరోజు వెనెరా తాత పేరుతోనే మొదలుపెట్టింది. తాత వస్తే ఆయన్నే అడిగెయ్యొచ్చని. కుల్యాష్ అక్క "కిమ్ నికొలాయ్, ఇవాన్ కొడుకు!" అని పిలిచింది. ఏడుగురు లేచారు. ముసలివాళ్ళు, నడివయసువాళ్ళు, కాళ్ళు నేలకందక బల్ల మీంచి దూకి లేచిన ఒక పిల్లాడు. కోల్యా తాత లేడు. వెనెరాకి కన్నీళ్ళాగలేదు. పోయిన తాతని ఒక్కసారి చూడొచ్చని పొద్దున్న జడ రెండుసార్లు అల్లుకుని వచ్చింది మరి.

"కొందరు రారమ్మా," అని ఓదార్చింది కుల్యాష్ అక్క. "రావడం ఇష్టం లేక. బతికున్నప్పుడు ఆఫీసులంటే పడనివాళ్ళు, పోయాక మాత్రం వస్తారా?"

తాత రాకపోతే తాత తండ్రి. తాత పాస్‌పోర్టులో తండ్రి పేరు ఇవాన్ అని ఉంది, అంతే. కుల్యాష్ అక్క రోజుకో పెట్టె తెరిచింది. ఏ పెట్టె తెరిచినా ఇవాన్‌లే. ఒక ఇవాన్ మూడు ఊళ్ళలో మూడుసార్లు చచ్చిపోయినట్టు రాసుంది. ఒక ఇవాన్ ఒకే ఏడు ఇద్దరు తల్లులకి పుట్టాడు. వెనెరా కాయితాల మీద కాయితాలు రాసుకుని బస్సులో ఒళ్ళో పరుచుకుంటే, గాలికి ఎగిరి పక్కవాళ్ళ ఒళ్ళో పడేవి. వాళ్ళు "ఈయన మా వాడేమో" అని చదువుకుని, పెదవి విరిచి తిరిగిచ్చేవాళ్ళు.

"మా గడ్డిమైదానంవాళ్ళకి చూడు," అనేది కుల్యాష్ అక్క టీ ఊదుకుంటూ. "ఏడుగురు తాతల పేర్లు నోటికి రావాలి. రాకపోతే పిల్లాడికి అన్నం పెట్టరు. మీకేమో కిమ్, కిమ్ వెనక కిమ్, ఆ కిమ్ వెనక ఇంకో కిమ్. ఉల్లిపాయ ఒలిచినట్టు ఒలవడమే, ఏడవడమే."

బల్ల చివర గోడమూల కూర్చున్నాయన మాత్రం దేనికీ లేవలేదు. ముప్ఫై లోపే ఉంటాయేమో. మోకాళ్ళదాకా మడిచిన పాంటు, కాళ్ళ మీద తెల్లగా ఉప్పు మరకలు. ఆయన కూర్చున్న చోట నేల తుడిచే ముసలామె ఎంత తుడిచినా సముద్రపు వాసన పోయేది కాదంట. వెనెరా సముద్రం ఎప్పుడూ చూళ్ళేదు. అయినా ఆ వాసన తగిలితే ఆమెకి ఏదో మరిచిపోయినట్టనిపించేది.

"ఆయనెవరక్కా?"

"ఏ కాయితంలోంచి వచ్చాడో తెలీదు. నువ్వొచ్చిన రోజు నుంచి వస్తున్నాడు. పెట్టె మూసినా పోడు. నువ్వు తీయించిన కాయితాల్లో ఉన్న పేర్లన్నీ పిలిచి చూశాను, ఒక్కదానికీ కదల్లేదు."

ఏడో రోజు పొద్దున, రెండడుగులు వేసి వెనక్కి పోయిన ఇవాన్ కాయితం పట్టుకుని తీయించింది వెనెరా. రైలుపెట్టెకి ఒక పెద్దమనిషిని పెట్టి రాయించిన జాబితా అది. పాలిపోయిన సిరాలో: కిమ్ ఇవాన్, ముప్ఫై ఆరు. భార్య, ముప్ఫై. కొడుకు నికొలాయ్, తొమ్మిది. ఆ కొడుకు పేరు మీద అడ్డంగా గీత. గీత కింద పెన్సిల్‌తో మళ్ళీ అదే పేరు, అదే వయసు: నికొలాయ్, తొమ్మిది.

"కొట్టేసి మళ్ళీ అదే రాయడమేంటక్కా?"

కుల్యాష్ అక్క కాయితాన్ని కిటికీ వెలుతురుకి పట్టుకుని చూసింది. తిప్పి చూసింది. "చేయి తిరగని రాతగాడు," అని తేల్చేసింది. కానీ ఆవిడ మొహంలో కూడా ఆ తేల్చడం అంత తేలినట్టు లేదు.

ఆఫీసు మెట్ల మీద అపోలోన్ పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతూ ఎదురుచూస్తున్నాడు. వెనెరా బిక్కమొహం చూసి, గింజలు సగం ఆమె గుప్పిట్లో పోశాడు.

"పారిపోదామా?" అన్నాడు కాసేపటికి.

"పారిపోతే మామ్మ ఒక్కతే అయిపోదూ?"

"మామ్మని కూడా తీసుకుని పారిపోదాం."

వెనెరాకి నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. ఏది ముందు రానివ్వాలో తెలియక గింజలు నోట్లో పోసుకుంది.

*

మూడో తారీకు సాయంత్రం మామ్మ వాకిట్లో కూర్చుని క్యారెట్ తురుముతోంది. పక్కన రెండు బకెట్లు, ఒకటి నిండుగా ఒకటి ఖాళీగా.

"దొరికాడా?" అంది తలెత్తకుండా.

"లేదు మామ్మా. రేపొక్కరోజే. రేపు గెరాసిమ్ తాత కూడా వస్తానన్నాడు, తన కళ్ళతో చూస్తాడంట."

"ఆ ముసలాడికి మతి పోయింది. పాత కాయితాల్లో బూజు తప్ప ఏముంటుంది? పారిపోండే మీరిద్దరూ. నేనేం అడ్డు చెప్పను."

"నువ్వు కూడానా!" వెనెరా తెల్లబోయింది. "పారిపోతే పుంజు ముక్కున మిరపకాయ ఎవరు పెడతారు? బల్ల లేకుండా పెళ్ళయితే రేపు నా అరవయ్యో ఏటి పండక్కి పెద్దబల్ల కూడా వెయ్యరు కదా?"

"అరవయ్యేళ్ళ సంగతి ఇప్పుడే చూసుకుంటోంది పిచ్చిది."

వెనెరా పక్కన కూలబడి, కొట్టేసి మళ్ళీ రాసిన పేరు సంగతి చెప్పింది. తాత పేరేనేమో మామ్మా అంది. తురుముపీట మీద మామ్మ చెయ్యి జోరందుకుంది. వెనెరా ఇంకా చెప్పుకుంటూ పోయింది: సగం దూరం వచ్చి పోయిన ఇవాన్, ఆయన చూసిన చూపు, బల్ల చివర కూర్చున్నాయన, ఆయన కాళ్ళ మీద ఉప్పు.

"పొద్దస్తమానం ఒకటే పని మామ్మా ఆయనకి. టోపీ తీస్తాడు, తిరగేస్తాడు, లోపల ఏదో పడిపోయినట్టు వెతుక్కుంటాడు, మళ్ళీ పెట్టుకుంటాడు. మన తాత చేసేవాడే, అచ్చం అట్లాగే. నాకు చూస్తుంటే..."

ఏదో గరగరమని చప్పుడు. చూస్తే మామ్మ చేతిలో క్యారెట్ ఎప్పుడో అయిపోయింది. ఒట్టి వేళ్ళతో తురుముపీట మీద గీస్తూనే ఉంది.

"మామ్మా!"

"ఎంత వయసుంటుంది?" అంది మామ్మ.

"ఎవరికి?"

"ఆ టోపీ ఆయనకి."

"నాన్నంత ఉంటాడేమో. నాన్న ఫొటోలో ఉన్నంత."

మామ్మ తురుముపీట కింద పెట్టింది. చాలాసేపు కాలువ వైపు చూసింది. తర్వాత లేచి, మోకాళ్ళు పట్టుకుని నడుం సరిచేసుకుని, "రేపు నేనూ వస్తాను. పిగోదీ ముద్దలకి పిండి కలుపు," అంది. "ఊరికే చేతులూపుకుంటూ పోకూడదు."

ఎవరి దగ్గరికి ఊరికే పోకూడదో వెనెరా అడగలేదు. ఏం అడగాలో తెలిస్తే కదా.

*

మర్నాడు బస్సులో నలుగురూ ఎక్కారు. గెరాసిమ్ తాత పతకాల కోటు తొడుక్కుని, వంశం పుస్తకం గుడ్డలో చుట్టి చంకలో పెట్టుకున్నాడు. మామ్మ తెల్ల తలగుడ్డ కట్టుకుని, వేడి పిగోదీల మూట ఒళ్ళో పెట్టుకుని కిటికీ దగ్గర కూర్చుంది. క్యాబేజీ కూరిన ఆవిరి ముద్దల వాసనకి బస్సంతా తిరిగి చూసింది.

"చెల్లెమ్మా, నాకొకటి పెట్టవూ?" అన్నాడు గెరాసిమ్ తాత.

"ఇవి మీకు కాదన్నగారూ."

నడవా ఆ రోజు కిటకిటలాడుతోంది. హన్సిక్ ముందురోజు కదా, ఎవరి సమాధి ఎక్కడుందో వెతుక్కునే జనం. బల్లల మీద బతికున్నవాళ్ళూ పోయినవాళ్ళూ భుజాలు రాసుకుంటూ కూర్చున్నారు. మామ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. ఆమె చూపు ఎవరి మీదా పడకుండా, నేరుగా బల్ల చివరికి పోయింది.

ఆయన టోపీ తిరగేసి లోపల చూసుకుంటున్నాడు.

అరవై నాలుగేళ్ళ మామ్మ, తలగుడ్డ నుదుటి మీదకి లాక్కుని, నిన్నమొన్న కాపురానికొచ్చిన కోడలిలా తల దించుకుంది.

"ఎవర్ని పిలవమంటావు మామ్మా?" అంది కుల్యాష్ అక్క. "ఈ పిల్ల ఇవాన్‌లందర్నీ పిలిపించేసింది. ఇంక నా దగ్గర ఇవాన్‌లు లేరు."

"నువ్వు పిలవకమ్మా, నేనే పిలుస్తాను," అంది మామ్మ. "మామగారి పేరు కోడలు పలకకూడదు. అయినా నేనే పిలవాలి. వెనెరా, నువ్వు పీట మీద కూర్చో."

వెనెరా కూర్చుంది. అపోలోన్ గోడకి ఆనుకుని, గింజలు కొరకడం మరిచిపోయి నిలబడ్డాడు. మామ్మ తలగుడ్డ ముడి బిగించుకుంది.

"త్సోయ్ మన్గిల్," అంది, మెల్లిగా.

బల్ల చివర కూర్చున్నాయన తలెత్తాడు. ఎన్నేళ్ళుగానో ఎవరూ తట్టని తలుపు తెరుచుకున్నట్టు ఆయన మొహం తెరుచుకుంది. లేచాడు. పోయినవాళ్ళు కాళ్ళు ముడుచుకుని దారిచ్చారు. వెనెరా దగ్గరకొచ్చి వంగి, టోపీ తీసి ఆమె ఒళ్ళో పెట్టాడు. టోపీ తడిగా ఉంది, చల్లగా ఉంది. అటు బల్ల మీంచి తొమ్మిదో ఇవాన్ వాళ్ళని చూస్తూ, పక్కనున్న పొట్టి పిల్లాడి భుజం చుట్టూ చెయ్యేసి, హమ్మయ్య అన్నట్టు వెనక్కి జారగిలబడ్డాడు.

"త్సోయ్?" అన్నాడు గెరాసిమ్ తాత. "త్సోయ్ ఎట్లా అవుతాడు? ఈ పిల్ల కిమ్ కదా!"

మామ్మ పిగోదీల మూట విప్పి మామగారి ముందు బల్ల మీద పెట్టి, అప్పుడు చెప్పింది.

పోస్యెత్ తీరంలో కిమ్ ఇవాన్ ఇల్లూ, త్సోయ్ మన్గిల్ ఇల్లూ పక్కపక్కనే ఉండేవి. ఇద్దరిదీ ఒకటే పడవ. త్సోయ్ భార్య పురిట్లో పోయింది. ముప్ఫై ఏడులో ఎండలు తగ్గే రోజుల్లో అతన్ని పడవ దిగుతుంటే పోలీసులు తీసుకుపోయారు, మళ్ళీ రాలేదు. తొమ్మిదేళ్ళ కొడుకు మిగిలాడు. రైలుకి రెండ్రోజుల ముందు కిమ్ ఇవాన్ కొడుకు నికొలాయ్ జ్వరంతో పోయాడు.

"వాళ్ళకి జాబితాలో పేరుంది, పిల్లాడు లేడు," అంది మామ్మ. "ఇక్కడ పిల్లాడున్నాడు, పేరు లేదు. పోలీసులు పట్టుకుపోయినవాడి కొడుకని తెలిస్తే ఏం చేస్తారోనని భయం. రైలుపెట్టె పెద్దమనిషి గీత కొట్టినవాడే మళ్ళీ కింద రాశాడు. ఆ పిల్లాడు మా ఆయన. అప్పట్నుంచీ చచ్చేదాకా ఇంకొక పిల్లాడి పేరుతో బతికాడు. పేరు పెట్టి పిలిస్తే లేచి రాలేదంటే ఎట్లా వస్తాడు? అది ఆయన పేరు కాదు."

వెనెరా ఒళ్ళో టోపీ వైపు చూస్తూ ఉండిపోయింది. ఇరవై రెండేళ్ళుగా తను ఎవరో తెలుసనుకుంది. ఇప్పుడు ఎవరో ముక్కూమొహం తెలియని పిల్లాడు, బల్ల మీంచి కాళ్ళు నేలకందనివాడు, తన ఇంటిపేరు తిరిగి అడగడానికొచ్చినట్టుంది. ఇచ్చెయ్యాలి కాబోలు. ఇచ్చేస్తే తనకేం మిగులుతుందో తెలియలేదు.

"నీకెప్పుడు తెలిసింది చెల్లెమ్మా ఇదంతా?" అన్నాడు గెరాసిమ్ తాత.

"పోయేముందు చెప్పాడు," అంది మామ్మ, మూటగుడ్డ కొస చూసుకుంటూ.

గెరాసిమ్ తాత గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు. వంశం పుస్తకం చంకలోంచి తీసి బల్ల మీద టప్పుమని పెట్టాడు. "అయితే ఈ పిల్ల కిమ్హె కిమ్ కాదు. అసలు కిమ్మే కాదు! ఏరా, అట్లా గోడకి అతుక్కుపోయావేం? ఇట్రా!" అపోలోన్ చెయ్యి లాగి వెనెరా చేతిలో పెట్టాడు. "లారీ కదిలేలోపు పెళ్ళి. పుంజు నాది, మిరపకాయ నాది. పచ్చడి మాత్రం నువ్వే చేసుకోవాలి పెళ్ళికూతురా."

నడవాలో ఎవరో చప్పట్లు కొట్టారు. అపోలోన్ అరచెయ్యి చెమట పట్టి ఉంది, పొద్దుతిరుగుడు పొట్టు అంటుకుని ఉంది. వెనెరా ఆ చెయ్యి వదల్లేదు.

అంతటితో ఊరుకుంటే ఆయన గెరాసిమ్ తాత ఎందుకవుతాడు? అలవాటు కొద్దీ ముత్తాత వైపు తిరిగి, "మరి మీ మూలవూరేదండీ? హెజునా?" అని అడిగాడు.

త్సోయ్ మన్గిల్ తల అడ్డంగా ఊపాడు.

"కియోంజునా? కాదా? చెన్జునా?"

ఆయన అవునన్నట్టు తల దించి ఎత్తాడు.

"చెన్జు త్సోయ్‌లు," అని సంతోషంగా అనబోయి గెరాసిమ్ తాత ఆగిపోయాడు. ఆయనకి ఊళ్ళో అందరి మూలవూళ్ళూ నోటికొచ్చు. కాలువలు తవ్విన రోజుల్లో అగాఫ్యా తండ్రి, ఆయనా చెన్జు త్సోయే, తన పక్కనే పార పట్టినవాడు. ఆయన మామ్మ వైపు చూశాడు. మామ్మ మూటగుడ్డ కొస వైపు చూస్తోంది. నేల తుడిచే ముసలామె తడిగుడ్డ వాళ్ళ కాళ్ళ దాకా వచ్చి పోయింది.

"పోన్లే చెల్లెమ్మా," అన్నాడు ఆయన చివరికి, గొంతు తగ్గించి. "పోయేముందు చెప్పాడు కదా. పాపం, నీకేం తెలుసు? తెలిస్తే ఎవరు మాత్రం చేసుకుంటారు?"

కుల్యాష్ అక్క ఈలోపు కాయితం రాసేసింది. పాత పేరు సరిచెయ్యాలంటే ఇంటివాళ్ళ మాట రాసి, పైకి చదివి, సంతకం పెట్టించాలి. చదివింది: "త్సోయ్ అగాఫ్యా అనే నేను చెప్పేదేమంటే, నా భర్త అసలు పేరూ ఆయన తండ్రి పేరూ నాకు ఆయన పోయేముందు, ఎనభై ఆరులో తెలిసినవి. ఇక్కడ పెట్టు మామ్మా సంతకం."

మామ్మ కలం తీసుకుంది. కాయితం మీద ఆనించింది. ముత్తాత ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు, టోపీ లేక చేతులేం చెయ్యాలో తెలియనట్టు. ఆయన మామ్మ వైపే చూస్తున్నాడు. ఆయన చెవులకి ఇప్పుడు అన్నీ వినపడుతున్నాయి.

"అన్నగారూ," అంది మామ్మ, కలం ఎత్తకుండానే. "ఇందాక పిల్లకిచ్చిన మాట, మాటేనా?"

"అదేం ప్రశ్న? కిమ్హె కిమ్ మాటిచ్చి వెనక్కి తీసుకోవడం పుస్తకంలో ఇరవై మూడు తరాల్లో లేదు."

"ఎవరేం చెప్పినా?"

గెరాసిమ్ తాత బల్ల మీది వంశం పుస్తకం మీద చెయ్యి పెట్టాడు. "ఎవరేం చెప్పినా," అన్నాడు.

మామ్మ కలం కింద పెట్టింది. "అయితే ఆ ముక్క కొట్టెయ్యమ్మా కుల్యాష్," అంది. తలగుడ్డ వెనక్కి తోసుకుని, కొడుకంత వయసున్న మామగారి మొహంలోకి మొదటిసారి తలెత్తి చూసింది.

"మామయ్యగారూ, ఇప్పుడు మీకు వినపడుతుంది కదా. మీవాడు నాకు పోయేముందు చెప్పలేదు. నలభై తొమ్మిదిలో చెప్పాడు, పుచ్చతోట కాపలా గుడిసెలో, పెళ్ళికి ముందు. నా పేరు కిమ్ కాదు, త్సోయ్ అన్నాడు. నాదీ త్సోయేగా అన్నాను. మా నాన్న చెన్జు అని చెప్పేవాడు అన్నాడు. మా నాన్నా అదే చెప్తాడు అన్నాను. అతను లేచి వెళ్ళిపోతానన్నాడు. చొక్కా పట్టుకుని ఆపింది నేనే. కాయితంలో నువ్వు కిమ్‌వేగా, మనకి కాయితం చాలు అన్నది నేనే. కొడుకు కాలువలో పోయినప్పుడు, ఇది దానికేనని తెలిసి కూడా నోరు విప్పలేదు. నాకు తెలుసు మామయ్యగారూ. తెలిసే చేసుకున్నాను."